టికెట్లు జమ చేస్తే బచత్ అయ్యేదా?

ధర పెరుగుతుందన్న ఖబర్ వస్తే మన ఇళ్లల్లో ఏం చేస్తారో చెప్పనక్కర్లేదు. రంజాన్ ముందు చక్కెర, సేమియా, నూనె రెండు నెలలకు సరిపడా తెచ్చిపెడతారు. పెట్రోల్ పెరుగుతుందంటే ఆ రాత్రే బంకు ముందు లైను. ఒక జమానాలో పోస్టు టికెట్లకూ ఇదే జరిగేది. కార్డు, ఇన్‌లాండ్ లెటర్, లిఫాఫా ధరలు కేంద్ర బడ్జెట్‌తో పాటు మారేవి. బడ్జెట్‌లో చెప్పిన రోజుకూ అమల్లోకి వచ్చే రోజుకూ మధ్య కొంత మోహ్లత్ ఉండేది. ఆ మోహ్లత్‌లో డాక్‌ఖానాకు వెళ్లి పది కార్డులు, ఐదు ఇన్‌లాండ్‌లు ఎక్కువ తెచ్చుకోవడం పెద్దవాళ్లకు హోషియారీ కింద లెక్క. నిర్మల్‌లో పాత ఇళ్లు దులిపేటప్పుడు సందూక్ అడుగున రాయని కార్డులు బయటపడితే ఎవరూ ఆశ్చర్యపోరు.

ఆ హోషియారీ వల్ల నిజంగా పైసా మిగిలిందా? హిసాబ్ వేసి చూస్తే మిగల్లేదు. ఎందుకు మిగల్లేదో వెతుక్కుంటూ పోతే నిజాం జమానా దాకా వెళ్లాల్సి వచ్చింది. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు చిన్న విషయం తేల్చుకుందాం. బియ్యం పాత ధరకు కొంటే, ధర పెరిగాక కూడా ఆ బియ్యంతో అంతే మంది కడుపు నిండుతుంది. పోస్టు టికెట్ అట్లా కాదు. దాని మీద రకమ్ అచ్చేసి ఉంటుంది. 5 పైసల కార్డు కొని దాచుకున్నారు, కార్డు ధర 6 పైసలైంది. ఇప్పుడు ఆ కార్డు డబ్బాలో వేయాలంటే ఇంకో పైసా టికెట్ అతికించాల్సిందే. అంటే మీరు దాచింది కార్డు కాదు, 5 పైసలు. అది నోటు లాంటిదే, కాకపోతే దుకాణంలో చెల్లదు.

అతికించకుండా వేస్తే? ఆ ఖత్ బైరంగ్ అవుతుంది. ఇంగ్లీషు ‘బేరింగ్’ మన నోళ్లల్లో బైరంగ్ అయ్యింది. తక్కువైన దానికి రెట్టింపు రకమ్ అందుకున్నవాళ్లు కట్టాలి. కట్టకపోతే డాకియా ఖత్ వెనక్కి తీసుకుపోతాడు. పైసా మిగిల్చిన కొడుకు, రెండు పైసలు కట్టిన అమ్మీ! బైరంగ్ అన్న మాట మీర్జా గాలిబ్ ఖతూత్‌లో కూడా వస్తుంది. గాలిబ్ తన ఆఖరి ఏళ్లలో టికెట్ల జమానా చూసినవాడు. ఆయన ఇంతెకాల్ 1869 ఫిబ్రవరిలో. అదే 1869లో హైదరాబాద్ రియాసత్ తన మొదటి పోస్టు టికెట్ తీసింది, ఒక అణాది. ఆ ఏడాదే మీర్ మహబూబ్ అలీ ఖాన్ రెండేళ్లు దాటిన పసివాడిగా గద్దె మీదికి వచ్చారు. హుకూమత్ నడిపింది సాలార్ జంగ్.

మన వైపు పోస్టును టప్పా అనేవాళ్లు. టప్పా అంటే మజిలీ, ఒక హర్కారా మోసుకొచ్చిన సంచీని ఇంకో హర్కారా అందుకునే చోటు. తెలుగులో టపా అంటున్నది ఈ మాటనే. మీరిప్పుడు చదువుతున్న దాన్ని కూడా తెలుగు బ్లాగర్లు టపా అనే అంటారు. ఎన్ని మజిలీలు దాటి వచ్చిందో చూడండి ఆ మాట.

1871 నుంచి వచ్చిన నిజాం టికెట్లను చూస్తే నాకు కలిగే ఖుషీ వేరు. మధ్యలో ఫార్సీ రాత, చుట్టూ ఇంగ్లీషు, ఉర్దూ, తెలుగు, మరాఠీలో రకమ్. బొటనవేలి గోరంత కాగజ్ మీద నాలుగు లిపులు. ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసిన నా లాంటి వాడికి తన రెండు చదువులూ ఒకే చోట కనిపించే కాగితాలు ఎన్ని ఉంటాయి? నిర్మల్ తాలూకాకు అది సరిగ్గా సరిపోయే టికెట్ కూడా. తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ వినిపించే ఇలాకా మనది. 1931లో బొమ్మల టికెట్లు వచ్చాయి: అణా టికెట్ మీద చార్మినార్, రెండణాల మీద హైకోర్టు, నాలుగణాల మీద ఉస్మాన్ సాగర్, ఎనిమిదణాల మీద అజంతా గుహలు, పన్నెండణాల మీద బీదర్ మదర్సా, రూపాయి మీద దౌలతాబాద్ విజయ స్తంభం. సర్కారు కచేరీల ఖతూత్‌కు ‘సర్కారీ’ అని ముద్ర కొట్టిన టికెట్లు వేరే ఉండేవి.

కానీ ఆ టికెట్‌కు ఒక హద్దు ఉంది. అది రియాసత్ లోపలే చెల్లేది. నిర్మల్ నుంచి హైదరాబాద్‌కో, కరీంనగర్‌కో, ఔరంగాబాద్‌కో రాస్తే సరే. బొంబాయి మిల్లులో పనిచేసే తమ్ముడికి, నాగపూర్‌లో ఉన్న సమ్ధీకి రాయాలంటే అంగ్రేజీ టికెట్ కావాలి. దానికి రియాసత్‌లోనే అంగ్రేజీ డాక్‌ఖానాలు ఉండేవి. ఆ టికెట్ ధర కల్దార్ పైసల్లో. మన చేతిలో ఉన్నది హాలీ సిక్కా. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్ రూపాయలు. వంద కల్దార్ కావాలంటే 116 రూపాయల 10 అణాల 8 పైల హాలీ. అంటే ఆ లెక్కన ఒక అణా అంగ్రేజీ టికెట్ మనవాడికి అణా రెండు పైలు పడేది. మన పెద్దవాళ్లకు టికెట్ మీద పైసా మిగిల్చే ఆలోచన ధర పెరగడం వల్ల రాలేదు, ఈ హాలీ, కల్దార్ తేడా వల్ల వచ్చిందని నా ఖయాల్. బొంబాయికి నెలకు రెండు ఖత్‌లు రాసేవాడికి రెండు హుకూమత్‌ల హిసాబ్ నోటికి వచ్చి ఉండాలి.

ధర పెరగడం అన్నది అసలు చాలా ఏళ్లు లేదు. అంగ్రేజీ ఇండియాలో 1854లో మామూలు ఖత్‌కు అర అణా పెట్టారు. తూకం హద్దు పెంచుకుంటూ పోయారు గానీ ఆ అర అణా మాత్రం 1922 దాకా కదల్లేదు. 68 ఏళ్లు! మూడు తరాలు ఒకే ధర. అప్పుడు టికెట్లు జమ చేసుకోవాలన్న ఖయాల్ ఎవరికొస్తుంది? 1922లో లిఫాఫా అణా అయ్యింది. 1879 నుంచి పావు అణాకే దొరికిన కార్డు అర అణా అయ్యింది. మొదటి జంగ్ ఖర్చు గరీబు ఖత్ మీద కూడా పడింది.

ధర మారినప్పుడల్లా నిజమైన జఖీరా ఉండేది సర్కారు దగ్గరే. పాత రకమ్‌తో అచ్చైన టికెట్లు గోదాములో మిగిలిపోతే వాటి మీద కొత్త రకమ్ ముద్ర కొట్టి అమ్మేస్తారు. నిజాం సర్కారూ అదే చేసింది. 1930లో పావు అణా టికెట్ మీద 4 పైలు, అర అణా టికెట్ మీద 8 పైలు అని ఉర్దూలో కొట్టి వదిలారు. సర్కారు తన పాత కాగజ్‌కు కొత్త రకమ్ ఇచ్చుకోగలదు. మనం సందూక్‌లో దాచిన దానికి ఇచ్చుకోలేం. ఈ ఆటలో తేడా అంతా ఇక్కడే ఉంది.

1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ జరిగింది. ఆ రోజుల గురించి ఈ వైపు ఇళ్లల్లో ఇప్పటికీ గొంతు తగ్గించే మాట్లాడతారు. దాని మీద ఇక్కడ రాయను. టికెట్ మాట వరకే చెబుతాను. ఆ తర్వాత కూడా ఏడాదిన్నర నిజాం టప్పా నడిచింది. 1950 ఏప్రిల్ 1న దాని టికెట్ల స్థానంలో ఇండియా టికెట్లు వచ్చాయి. ఎవరి దగ్గరైనా చార్మినార్ అణా టికెట్లు మిగిలి ఉంటే, వాటిని కాపాడే కాగజ్ మీది ఇబారత్ ఏదీ లేదు. టికెట్ వెనక ఉన్నది హుకూమత్ మాట ఒక్కటే, ఆ హుకూమత్ లేదు. హాలీ సిక్కాకైనా ఇంకొన్నేళ్లు నడిచే గడువు దొరికింది. కొత్త టికెట్ మీద లిపులు రెండే, హిందీ, ఇంగ్లీషు. ఖత్ మీద చిరునామా ఉర్దూలో రాసినా, తెలుగులో రాసినా, పైన అతికించే బిళ్ల మీద మాత్రం రెండూ పోయాయి.

ఇంకో ఏడేళ్లకు పైసల్లోనే గడబడ్. 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి వంద నయా పైసలు. అణా అంటే 6.25 నయా పైసలు, చిల్లరకు అందని లెక్క. అప్పటికి కార్డు 9 పైలు, అంటే 4.69 నయా పైసలు. దాన్ని 5 చేశారు. లిఫాఫా రెండణాలు, అంటే పన్నెండున్నర. దాన్ని 13 చేశారు. ఆ 13 నయా పైసల కోసమే ఇండియా నక్షా బొమ్మతో వేరే టికెట్ తీశారు. మరుసటి ఏడాదే లిఫాఫా 15 అయ్యింది. అణాల టికెట్లు దాచినవాడు సగం నయా పైసా కోసం డాక్‌ఖానా కిటికీ దగ్గర గొడవ పెట్టుకోగలడా? అణా లెక్క నోటికి వచ్చిన దాదీలకు, స్కూల్లో పాయింటు పెట్టి లెక్క నేర్చుకున్న మనవలు సర్ది చెప్పాల్సిన రోజులవి.

ఆ తర్వాత మహంగాయీ ఆగలేదు. కార్డు 1968లో 10 పైసలు, 1978లో 15, 1997లో 25, 2000ల మొదట్లో 50. ప్రతిసారీ పాత కార్డుకు పక్కన ఇంకో చిన్న టికెట్. 1971లో వచ్చింది మాత్రం వేరే రకం. తూర్పు పాకిస్తాన్ నుంచి లక్షల మంది పనాహ్ కోసం ఇండియాలోకి వచ్చారు. వాళ్ల ఖర్చు కోసం 1971 నవంబర్ 15 నుంచి టపా మీద 5 పైసల అదనపు పన్ను వేశారు, దానికి వేరే టికెట్. మొదట్లో ఆ టికెట్లు చాలక, కుటుంబ నియంత్రణ బొమ్మ ఉన్న పాత 5 పైసల టికెట్ మీదనే ‘రెఫ్యూజీ రిలీఫ్’ అని ముద్ర కొట్టి ఇచ్చారు. కొన్నిచోట్ల రబ్బరు ముద్రతోనే కొట్టారు. మీ దగ్గర మామూలు 5 పైసల టికెట్లు వంద ఉన్నా ఈ పన్నుకు పనికిరావు, ఆ ముద్ర ఉండాల్సిందే. 1973 మార్చి 31తో ఆ పన్ను తీసేశారు. అప్పుడు ముద్ర ఉన్నవి మిగిలినవాడు ఏం చేసి ఉంటాడో మీరే ఊహించుకోండి.

మరి నిజమైన బచత్ ఎక్కడ జరిగింది? జమ చేయడంలో కాదు, వాడుకునే తరీఖాలో. ఇన్‌లాండ్ లెటర్ మడత పెట్టే అంచు దాకా, చివరికి చిరునామా పక్కన కూడా దువా సలాం రాసేవాళ్లు. ఒకే ఖత్‌లో అబ్బాకు ఒక పేరా, చిచ్చాకు ఒక పేరా, పక్కింటి ఖాలాకు రెండు మాటలు. ఈద్ కార్డులదైతే ప్రత్యేకమైన ఇల్మ్. లిఫాఫా మూత గమ్‌తో అంటించకుండా లోపలికి దోపి, మీద ‘బుక్ పోస్ట్’ అని రాస్తే తక్కువ టికెట్‌తో పోయేది. షరతు ఒకటే, లోపల ఖత్ రాయకూడదు. ముబారక్ మాటలు కొన్ని, సంతకం, అంతే. అందుకే ఆ కార్డుల్లో ఖైరియత్ ఉండదు, షేర్ మాత్రం అచ్చై ఉంటుంది. ఖైరియత్‌కు వేరే ఖర్చు పెట్టాలి కదా. 2002లో మేఘదూత్ కార్డు వచ్చింది. ఒక పక్క ఇష్తెహార్ అచ్చేసి, 50 పైసల కార్డును 25 పైసలకే ఇచ్చారు. పాత కార్డు జమ చేసినవాడికి మిగలని సగం ధర, ఎవరిదో ఇష్తెహార్ భరించినవాడికి మిగిలింది.

గల్ఫ్ మొదలయ్యాక హిసాబ్ మారింది. నిర్మల్, ఖానాపూర్, జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి వైపు నుంచి మగవాళ్లు దుబాయ్, సౌదీ, కువైట్ పోయారు. వాళ్లకు రాయాలంటే ఎయిరోగ్రామ్ చవక. నీలం కాగజ్, మడతపెడితే అదే లిఫాఫా, లోపల ఇంకేమీ పెట్టకూడదు. ఫొటో పెడితే ఎయిర్‌మెయిల్ లిఫాఫా ధర పడుతుంది. అందుకే పుట్టిన బిడ్డ ఫొటో అబ్బాకు చేరడానికి నెలలు పట్టేది. ఎవరైనా అటు పోయేవాళ్లు దొరికే దాకా ఆగేవాళ్లు. ఈ ఎయిరోగ్రామ్ పుట్టిందే ఆ వైపు. ఇరాక్ పోస్టు అధికారి డగ్లస్ గంబ్లీ 1933లో దాన్ని మొదలుపెట్టాడు. రెండో జంగ్‌లో మధ్యప్రాచ్యంలోని అంగ్రేజీ ఫౌజుకు ఇచ్చారు, ఆ తర్వాత దునియా అంతా వాడింది.

అందరికంటే చవకైన తరీఖా చేతి ఖత్. సెలవు మీద వచ్చేవాడి సూట్‌కేస్‌లో పదిహేను ఇళ్ల ఖత్‌లు. బొంబాయిలో దిగాక ఇక్కడి టికెట్లు అతికించి డబ్బాలో వేయడం, లేకుంటే ఊరొచ్చాక ఇంటింటికీ ఇవ్వడం. ఇది చోరీ పని అనుకునేవాళ్లూ ఉన్నారు. కాదు. ఖత్‌లు మోసే హక్కు సర్కారుదే అని చెప్పిన 1898 పోస్టాఫీసు చట్టమే, దారిన పోయే దోస్తు ఉజ్రత్ తీసుకోకుండా మోస్తే తప్పు కాదని నాలుగో సెక్షన్‌లో మినహాయింపు ఇచ్చింది. 2023లో వచ్చిన కొత్త చట్టంలో సర్కారుకు ఆ ఇజారానే లేదు.

జమ చేస్తే నిజంగా బచత్ అయ్యే టికెట్ దునియాలో ఉంది, మన దగ్గర లేదు. బ్రిటన్‌లో 1989లో రకమ్ లేని టికెట్లు మొదలయ్యాయి. మీద ‘ఫస్ట్’, ‘సెకండ్’ అని మాత్రమే ఉంటుంది. ఎప్పుడు కొన్నా, వాడే రోజు ధరకు చెల్లుతుంది. 2012 ఏప్రిల్ 30న ఫస్ట్ టికెట్ 46 పెన్స్ నుంచి 60కి పెరుగుతుందని తెలిసి జనం ముందే కొనడం మొదలుపెడితే, రాయల్ మెయిల్ దుకాణాలకిచ్చే టికెట్లకు హద్దు పెట్టింది. అయినా అక్కడా హుకూమ్ మారింది. బార్‌కోడ్ లేని మామూలు టికెట్లు 2023 జూలై 31 తర్వాత చెల్లవన్నారు. పంపితే మార్చి ఇస్తామన్నారు, అంత మేరకు నయమే.

అమెరికా ఖిస్సా మనవాళ్లకు ఇంకా దగ్గర. 2001 సెప్టెంబర్ 1న అక్కడ ఈద్ టికెట్ విడుదలైంది, షికాగో దగ్గర డెస్ ప్లెయిన్స్‌లో, ఇస్నా సాలానా ఇజ్తెమాలో. నీలం మీద బంగారు రంగులో అరబీలో ‘ఈద్ ముబారక్’, ఖత్తాత్ మొహమ్మద్ జకరియా రాసింది. ధర 34 సెంట్లు. పది రోజులకు సెప్టెంబర్ 11 వచ్చింది. ఆ టికెట్ ఆపేయాలన్న గొంతులు లేచాయి, పోస్టు ఆపలేదు. అయితే 2002లో మామూలు ఖత్ 37 సెంట్లయ్యింది. అదే బొమ్మ, అదే ఖత్తాతీ, కొత్త రకమ్‌తో మళ్లీ అచ్చేశారు. 2006లో 39, 2007లో 41, 2008లో 42, 2009లో 44. మొదటి ఏడాది ఇష్టంతో ఎక్కువ కొని దాచినవాళ్లు ప్రతి ఈద్‌కూ పక్కన సెంట్ల టికెట్లు అతికించాల్సి వచ్చింది, మన 5 పైసల కార్డు లాగే. 2011లో దాన్ని ‘ఫరెవర్’ టికెట్‌గా మార్చాక ఆ బాధ పోయింది. అమెరికాలో ఫరెవర్ టికెట్లు 2007లో 41 సెంట్లకు మొదలయ్యాయి. 2025 జూలైలో ధర 78 సెంట్లయ్యింది. 2007లో వంద కొన్నవాడు 41 డాలర్లు పెట్టాడు, 2025 జూలై ధరతో 78 డాలర్ల ఖత్‌లు పంపగలిగాడు. షికాగో డెవన్ అవెన్యూలో హైదరాబాదీ దుకాణం పెట్టుకున్నవాడికి ఈ హిసాబ్ చెబితే వెంటనే అర్థమవుతుంది. కాకపోతే పద్దెనిమిదేళ్లు ఆ డబ్బు టికెట్ల రూపంలో పడి ఉందన్నది కూడా అదే హిసాబ్‌లో రాసుకోవాలి.

ఇట్లా దాచడం ఇహ్తికార్ అవుతుందా అని అడిగేవాళ్లు మనలో తప్పకుండా ఉంటారు. ఇహ్తికార్ అంటే జనానికి కావలసిన దాన్ని ధర పెంచడానికి పట్టి ఉంచడం. ఇంటి అవసరానికి దాచుకోవడాన్ని ఇద్దిఖార్ అంటారు, అది వేరు. రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం బనూ నజీర్ ఖజూర్‌లలో నుంచి ఇంటివాళ్లకు ఏడాదికి సరిపడా ఉంచేవారని హజ్రత్ ఉమర్ రివాయత్ బుఖారీలో ఉంది. పది కార్డులు దాచిన దాదీ మీద ఎవరూ వేలెత్తలేరు. ఆమె సంపాదించిందీ ఏమీ లేదు, డాక్‌ఖానాకు ఒక నడక తగ్గింది. రైలు లేని నిర్మల్‌లో, టప్పా సంచీ రోడ్డు మీదే వచ్చి రోడ్డు మీదే పోయిన ఊళ్లో, సందూక్‌లో కార్డు ఉండటం అంటే మౌత్ ఖబర్ అదే రోజు డబ్బాలో వేయగలగడం. ఆ సహూలత్‌కు రకమ్ కట్టడం నాకు చేతకాదు.

ఇప్పుడు ఇండియాలో మామూలు ఖత్ 5 రూపాయలు, ఇరవై ఏళ్లు దాటినా అదే. మళ్లీ 1854, 1922 మధ్య లాంటి కాలం వచ్చిందా అనిపిస్తుంది. రాసేవాళ్లు మాత్రం లేరు. ఖర్చు ఇంకో దర్వాజా నుంచి వస్తోంది. కోర్టు నోటీసులకూ, ఖులా, మెహర్ తగాదాల్లో వకీళ్లు పంపే కాగితాలకూ అందరూ నమ్ముకున్నది రిజిస్టర్డ్ పోస్టును. 2025లో దాన్ని స్పీడ్ పోస్టులో కలిపేశారు. అప్పటి లెక్కలో రిజిస్టర్డ్ ఖత్ 25 రూపాయల 96 పైసల నుంచి మొదలు, స్పీడ్ పోస్టు వేరే ఊళ్లకు 41 నుంచి. రిజిస్టర్డ్ ధర ఒక్క పైసా పెంచారని ఎవరూ అనలేరు, ఆ కిటికీనే తీసేశారు. రిజిస్ట్రీకని ముందే టికెట్లు కొనిపెట్టుకున్నవాళ్లు ఉంటే, ఇప్పుడు వాటి పక్కన ఇంకొంత కట్టాలి.